మనం టైప్ చేసిన మాటలోనే సగం జవాబు

ఇద్దరు మనుషులు ఒకే మాట గూగుల్‌లో కొడితే ఇద్దరికీ ఒకేలా ఫలితాలు రావు. ఈ సంగతి ఇప్పుడు దాదాపు అందరికీ తెలుసు. దాని వెంటే ఇంకో మాట కూడా చాలా నమ్మకంగా చెబుతుంటారు: మన రాజకీయం ఏమిటో సెర్చ్ ఇంజిన్‌కి తెలుసు, మనకు నచ్చేవే ఏరి పైన పెడుతుంది, అందుకే జనం ఎవరి గూటిలో వాళ్లు ఉండిపోతున్నారు అని. మొదటి మాట నిజమే. రెండోది మాత్రం జనం అనుకునే పద్ధతిలో నిజం కాదు. అలాగని సెర్చ్ మన రాజకీయ దృష్టిని ఇరుకు చేయడం లేదా అంటే, చేస్తోంది. ఆ దారి వేరు.

ఈ భయం ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. గూగుల్ 2005లో, లాగిన్ అయినవాళ్లకు మాత్రం, వాళ్లు అంతకుముందు వెతికినవాటిని బట్టి ఫలితాల వరుస మార్చడం మొదలుపెట్టింది. 2009 డిసెంబర్‌లో లాగిన్ కానివాళ్లకూ అదే వర్తింపజేసింది. బ్రౌజర్‌లో కుకీ అనే ఒక చిన్న గుర్తింపు ఫైలు పెట్టి, ఆ బ్రౌజర్ నుంచి గత 180 రోజుల్లో జరిగిన వెతుకులాటను లెక్కలోకి తీసుకునేది. అంటే పేరు చెప్పకపోయినా గుర్తుపడుతుందన్నమాట. 2011లో ఈలై పారిజర్ అనే అమెరికన్ కార్యకర్త ఈ మార్పును పట్టుకుని, ఒక్కొక్కరి చుట్టూ ఒక్కో 'ఫిల్టర్ బబుల్', అంటే నచ్చేవే కనిపించే బుడగ, తయారవుతోందని హెచ్చరించాడు. లాగిన్ కాకపోయినా గూగుల్ 57 సంకేతాలు గమనిస్తుందని ఒక ఇంజనీర్ తనతో అన్నట్టు చెప్పాడు. ఈజిప్టులో ప్రజలు వీధుల్లోకి వచ్చిన ఆ రోజుల్లో తన స్నేహితులు ఇద్దరి చేత 'ఈజిప్ట్' అని వెతికించాడు. ఒకరికి మొదటి పేజీ నిండా ఆందోళనల వార్తలు వచ్చాయి, రెండోవారికి అసలు ఆ ఊసే లేదు.

రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆ వాదన అంత వేగంగా పాకడానికి అదే కారణం. కానీ రెండు స్క్రీన్‌షాట్ల మధ్య తేడా దేనివల్ల వచ్చిందో ఆ స్క్రీన్‌షాట్లు చెప్పవు. చిక్కంతా అక్కడే ఉంది.

తేడాకు కారణాలు చాలా ఉంటాయి. ఒకే ప్రశ్నకు వేర్వేరు డేటా సెంటర్ల నుంచి జవాబు రావచ్చు, అవన్నీ ఒకే క్షణంలో అప్‌డేట్ అవ్వవు. వార్తల విషయంలో నిమిషాల తేడాతో వరుస మారిపోతుంది. ఫోన్‌లో ఒకలా, కంప్యూటర్‌లో ఒకలా రావచ్చు. మనం ఏ ప్రాంతంలో ఉన్నామన్నది చాలా పెద్ద అంశం. కంపెనీ తన మార్పులను కొంతమంది మీద పరీక్షిస్తూ ఉంటుంది, మనం ఆ కొంతమందిలో ఉండొచ్చు. ఇప్పుడే వెతికిన మాట తర్వాతి మాట అర్థాన్ని మార్చవచ్చు. ఇవన్నీ అయ్యాక, చివర్లో, మన పాత చరిత్ర. ఫలితాలు వేరుగా ఉండటం ఒకటి, అవి మన రాజకీయాన్ని బట్టి వేరుగా ఉండటం ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఇన్నేళ్ల గందరగోళం.

వాటిని విడదీసి కొలిచిన తొలి గట్టి ప్రయత్నాల్లో ఒకటి అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులది, 2013లో వెలువడింది. వాళ్లు 200 మంది అసలు యూజర్ల అకౌంట్ల నుంచి ఒకే ప్రశ్నలు పంపారు. అదే సమయంలో ఏ చరిత్రా లేని ఖాళీ బ్రౌజర్ల నుంచి కూడా అవే ప్రశ్నలు పంపారు. ఖాళీ బ్రౌజర్ల మధ్యే తేడా వస్తే అది ఉత్త గోల, అంటే మనిషితో సంబంధం లేని తేడా కింద లెక్క. ఆ గోలను తీసేశాక మిగిలిందే పర్సనలైజేషన్, అంటే మనిషిని బట్టి ఫలితాలు మార్చడం. అలా తేలింది సగటున 11.7 శాతం ఫలితాలు. వాటికి ముఖ్య కారణాలుగా కనిపించినవి రెండు: లాగిన్ అయి ఉండటం, కంప్యూటర్ ఏ ప్రాంతంలో ఉందన్నది.

2017 జర్మనీ ఎన్నికల ముందు అల్గారిథమ్‌వాచ్ అనే సంస్థ ఇంకో దారి పట్టింది. వేలమంది వాలంటీర్ల బ్రౌజర్లలో ప్లగిన్ అనే ఒక చిన్న అదనపు ప్రోగ్రాం పెట్టి, పార్టీల పేర్లు, నాయకుల పేర్లు క్రమం తప్పకుండా వెతికించింది. వచ్చిన ఫలితాలు చాలావరకు అందరికీ ఒకటే. ఉన్న కొద్ది తేడాల్లోనూ ప్రాంతం పాత్ర ఎక్కువ. 2018లో అమెరికాలో వెలువడిన ఇంకో అధ్యయనం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది: మనిషిని బట్టి వచ్చే తేడా స్వల్పం, ఏ మాటలతో వెతికారన్న దాన్ని బట్టి వచ్చే తేడా ఎక్కువ.

అదే 2018లో డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్ కంపెనీ 87 మంది చేత తుపాకుల నియంత్రణ, వలసలు, టీకాలు అనే మాటలు ఒకే సమయంలో వెతికించి, ఎక్కువమందికి వేర్వేరు ఫలితాలు వచ్చాయని ప్రకటించింది. ప్రైవేట్ మోడ్‌లో కూడా తేడాలు పోలేదట. గూగుల్‌తో పోటీ పడే కంపెనీ చేసిన పని అని గుర్తుంచుకోవాలి గానీ, ఆ ఒక్క కారణంతో కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. అయితే ప్రైవేట్ మోడ్‌లో, లాగిన్ లేకుండా కూడా తేడాలు అలాగే ఉన్నాయంటే, వాటిలో ఎక్కువ భాగం మన చరిత్రతో సంబంధం లేనివి కావచ్చని కూడా చదువుకోవచ్చు. వాళ్లు అలా చదవలేదు, అది వేరే విషయం.

మరి ఇరుకు ఎక్కడ మొదలవుతుంది?

ఒక కొత్త చట్టం వచ్చిందనుకోండి. దాన్ని ఇష్టపడేవాళ్లు 'ఈ చట్టం వల్ల లాభాలు' అని వెతుకుతారు. గిట్టనివాళ్లు 'ఈ చట్టం వల్ల నష్టాలు' అంటారు. ఇంకొంచెం కోపంగా ఉన్నవాళ్లు, ప్రత్యర్థి పార్టీ ఆ చట్టానికి పెట్టిన వెటకారపు పేరుతోనే వెతుకుతారు. ముగ్గురికీ మూడు రకాల పేజీలు వస్తాయి. ముగ్గురూ బ్రౌజర్ చరిత్ర మొత్తం తుడిచేసి, కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నా అవే వస్తాయి. ఎందుకంటే సెర్చ్ ఇంజిన్ చేసే పనే అది: అడిగిన మాటలకు దగ్గరగా ఉన్న పేజీని ముందు చూపించడం. లాభాల గురించి అడిగినవాడికి నష్టాల పేజీ ఇస్తే అది చెడ్డ సెర్చ్ అనిపించుకుంటుంది. మన గురించి దానికి ఏమీ తెలియనక్కర్లేదు, మన మొగ్గు ఏమిటో ప్రశ్నలోనే రాసి ఇస్తున్నాం.

సామాజికవేత్త ఫ్రాన్సెస్కా ట్రిపోడీ అమెరికన్ కన్సర్వేటివ్‌ల మధ్య తిరిగి 2018లో రాసిన నివేదికలో ఇది బాగా పట్టుకుంది. ఆమె చూసినవాళ్లు సోమరులు కారు. మీడియా చెప్పింది గుడ్డిగా నమ్మకుండా స్వయంగా పరిశీలించాలని పట్టుదలగా వెతికేవాళ్లు. కానీ తాము విన్న నాయకుడి మాటలనే సెర్చ్ బాక్సులో పెట్టేవారు. ఆమె ఇచ్చిన ఉదాహరణ సరళమైనది: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ టీవీ రేటింగ్‌లు 'పెరిగాయి' అని వెతికితే పెరిగాయనే కథనాలు, 'తగ్గాయి' అని వెతికితే తగ్గాయనే కథనాలు. రెండు వైపులా గూగుల్ తమ మాటను ధ్రువీకరించిందనే అనుకుంటారు.

ఈ విషయాన్ని విస్తారంగా పరీక్షించిన పని 2025లో వచ్చింది. యూజినా లియంగ్, ఒలెగ్ ఉర్మిన్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 21 అధ్యయనాల్లో సుమారు 10 వేల మందిని చూశారు. కెఫీన్, అణువిద్యుత్తు, నేరాల సంఖ్య, పెట్రోల్ ధరలు ఇలాంటి అంశాల మీద ముందు వాళ్ల అభిప్రాయం అడిగి, తర్వాత ఏ మాటలతో వెతుకుతారో గమనించారు. ముందున్న నమ్మకం వెతికే మాటల్లోకి జారుతోంది. కావాలని అలా చేస్తున్నామని ఒప్పుకున్నవాళ్లు చాలా తక్కువ. ఇరుకైన మాటలు, ఆ మాటలకు అచ్చంగా సరిపోయే ఫలితాలు, రెండూ కలిసి పాత నమ్మకాన్ని ఉన్నచోటే ఉంచుతున్నాయి. ఇందులో నాకు ముఖ్యంగా తోచింది ఏమిటంటే, ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు. యూజర్ నిజాయితీగా అడిగాడు, యంత్రం నిజాయితీగా జవాబిచ్చింది.

ఇక్కడ మోసం లేదన్నాను గానీ, దీన్ని వాడుకునేవాళ్లు మాత్రం ఉన్నారు. కొన్ని మాటలకు వెబ్‌లో నమ్మదగిన పేజీలు దాదాపు ఉండవు. అప్పుడే పుట్టిన పుకారు, ఒక వర్గం మాత్రమే వాడే నినాదం, ఎవరో కొత్తగా అల్లిన పదబంధం. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మైకెల్ గొలెబియెవ్‌స్కీ, పరిశోధకురాలు డేనా బోయిడ్ వీటిని 'డేటా వాయిడ్స్', అంటే సమాచారం లేని ఖాళీలు, అన్నారు. పద్ధతి ఇలా ఉంటుంది: ముందు ఆ పదంతో నాలుగు పేజీలు, రెండు వీడియోలు తయారు చేసి పెడతారు. తర్వాత ఉపన్యాసంలోనో వీడియోలోనో ఆ పదం వాడి, 'నా మాట నమ్మొద్దు, మీరే వెతికి చూసుకోండి' అంటారు. వెతికినవాళ్లకు దొరికేది వాళ్లు ముందే పెట్టి ఉంచిందే. ఇంగ్లిష్‌లో ఇలాంటి ఖాళీ చాలాసార్లు త్వరగానే పూడుతుంది, పత్రికలూ నిజనిర్ధారణ సంస్థలూ అదే పదంతో రాస్తాయి కాబట్టి. వెబ్‌లో తక్కువ రాత ఉన్న భాషల్లో ఆ ఖాళీ చాలాకాలం అలాగే ఉండిపోవచ్చు.

'మీరే వెతికి చూసుకోండి' అనే సలహా ఎంత మంచిదిగా వినిపించినా దానికి ఒక ఎదురుదెబ్బ ఉంది. 2023 డిసెంబర్‌లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనంలో కొందరికి తప్పుడు వార్తలు చూపించి, అవి నిజమో కాదో ఆన్‌లైన్‌లో వెతికి చెప్పమన్నారు. వెతకనివాళ్లతో పోలిస్తే వెతికినవాళ్లే ఆ తప్పుడు వార్తను నిజమని చెప్పే అవకాశం 19 శాతం ఎక్కువైంది. దీనికి ఒక కారణం, కొందరు ఆ వార్త హెడ్‌లైన్‌నే యథాతథంగా సెర్చ్‌లో పెట్టారు. అదే మాటలు ఉన్న పేజీలు అదే తరహా సైట్లలో ఉంటాయి, అవే వచ్చాయి. నాణ్యత లేని ఫలితాలు కంటపడ్డవాళ్లలోనే ఈ ప్రభావం ప్రధానంగా కనిపించింది. వెతకడం మానేయమని దీని అర్థం కాదు. కానీ 'వెతికాను, చూశాను' అన్న ధీమా ఎంత గట్టిదో అంత ప్రమాదం కూడా. ఎవరో చెబితే నమ్మిన విషయం మీద కొంచెమైనా అనుమానం మిగులుతుంది, తనే కనుక్కున్నాననుకున్న దాని మీద అది ఉండదు.

వరుస మీద మనకున్న నమ్మకం దీనికి తోడు. 2007లో వెలువడిన, అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థుల మీద జరిగిన ప్రయోగంలో, వాళ్లకు తెలియకుండా గూగుల్ ఫలితాల క్రమాన్ని తిరగేసి చూపించి, కంటి చూపు ఎటు పోతోందో కొలిచారు. పైన ఉన్నది ఆ ప్రశ్నకు అంతగా సరిపోకపోయినా, పైన ఉందన్న కారణంగానే ఎక్కువగా దాన్నే క్లిక్ చేశారు. మొదటి స్థానం అంటే మెరుగైనదని మనం లోపల ఒక అర్థం రాసి పెట్టుకున్నాం.

ఆ క్లిక్‌ల దగ్గర ఇంకో వడపోత ఉంది. 2018, 2020 అమెరికా ఎన్నికల సమయంలో యూజర్ల అనుమతితో వాళ్ల బ్రౌజింగ్‌ని గమనించిన ఒక అధ్యయనం, మూడు విషయాలను విడివిడిగా లెక్కగట్టింది: గూగుల్ ఏం చూపించింది, వాళ్లు దేని మీద నొక్కారు, గూగుల్‌తో పని లేకుండా ఏ సైట్లకు వెళ్లారు. గూగుల్ చూపించిన దానికంటే వాళ్లు ఎంచుకున్నవే ఎక్కువ పక్షపాతంతో ఉన్నాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. సెర్చ్ ఇంజిన్‌లు లేని రోజుల్లోనే, 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒహాయోలోని ఈరీ కౌంటీలో ఓటర్లను నెలల తరబడి అధ్యయనం చేసిన సామాజికవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఇదే చూసింది: జనం ఎక్కువగా చదివేది, వినేది తాము ముందే మొగ్గిన పార్టీ ప్రచారాన్నే.

ఫేస్‌బుక్ లాంటి చోట్ల మన ముందుకు వచ్చే ఫీడ్ సంగతి వేరు. అక్కడ మనం ఏమీ అడగం, ఏది చూపాలో యంత్రమే నిర్ణయిస్తుంది, మన చరిత్రే దానికి ముడిసరుకు. ఫిల్టర్ బబుల్ అనే మాట అసలు సరిపోయేది దీనికే. అయినా అక్కడ కూడా లెక్కలు అనుకున్నంత సూటిగా లేవు. తమ రాజకీయ మొగ్గును ప్రొఫైల్‌లో రాసుకున్న 1.01 కోట్ల అమెరికన్ యూజర్ల మీద ఫేస్‌బుక్ సొంత పరిశోధకులు 2015లో రాసిన వ్యాసం ప్రకారం, అల్గారిథం ఎదుటి వర్గం వార్తలను తగ్గించింది గానీ ఆ తగ్గింపు పది శాతం లోపే. 2020 ఎన్నికలప్పుడు 23 వేల మందికి పైగా యూజర్ల ఫీడ్‌లో సొంత భావజాలం వైపు నుంచి వచ్చే పోస్టులను మూడో వంతు తగ్గించి మూడు నెలలు చూశారు. రాజకీయ వైఖరుల్లో కొలవగలిగిన మార్పు రాలేదు. అసలు ఎదుటివాళ్ల మాటలు చూపిస్తే మనసు మెత్తబడుతుందన్నదే సందేహం: 2018లో వెలువడిన, ట్విట్టర్ మీద జరిగిన ప్రయోగంలో, నెల రోజుల పాటు అవతలి పక్షం పోస్టులు చూసిన రిపబ్లికన్లు తమ వైపుకే ఇంకాస్త జరిగారు.

అయితే సెర్చ్ కంపెనీల మీద నిందే అక్కర్లేదా? ఉంది, కానీ సరైన చోట వేయాలి. పర్సనలైజేషన్ తక్కువ అనగానే ఊపిరి పీల్చుకునేవాళ్లు ఒక విషయం మరిచిపోతారు. అందరికీ ఒకే వరుస కనిపిస్తే, ఆ వరుసను నిర్ణయించేవాళ్ల చేతిలో ఉన్న బలం తగ్గదు, పెరుగుతుంది. రాబర్ట్ ఎప్‌స్టైన్, రోనాల్డ్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి, 2014 లోక్‌సభ ఎన్నికల వేళ, భారతదేశమంతటా ఇంకా ఎవరికి వేయాలో తేల్చుకోని 2,150 మంది ఓటర్లతో జరిగింది. తాము తయారు చేసిన ఒక ఉత్తుత్తి సెర్చ్ ఇంజిన్‌లో ఒక్కో బృందానికి ఒక్కో నాయకుడికి అనుకూలమైన పేజీలు పైన పెట్టారు. అటూ ఇటూ తేలనివాళ్ల మొగ్గును ఇలా 20 శాతం, అంతకంటే ఎక్కువ కూడా మార్చవచ్చని వాళ్ల వాదన. గూగుల్ దీన్ని ఖండించింది. ప్రయోగంలో ఒకసారి చూసిన వరుసకు, నెలల ఎన్నికల ప్రచారంలో పడి ఉన్న ఓటరు మనసుకు చాలా దూరం ఉందన్నది నిజమే. అయినా చాలామంది ఆ పక్షపాతాన్ని గమనించనే లేదన్నది నన్ను ఆలోచింపజేసింది.

ఇంకో లోటు, ఈ లెక్కలన్నీ బయటివాళ్లు తలుపు సందులోంచి చూసి చెప్పినవి, లేదంటే కంపెనీలు తలుపు తీసినంత మేర చూసి చెప్పినవి. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం దీన్ని కొంత మార్చే ప్రయత్నం చేస్తోంది. యూనియన్‌లో నెలకు 4.5 కోట్ల మందికి పైగా వాడే సైట్లు, సెర్చ్ ఇంజిన్‌లు, సిఫార్సులు చేసేచోట ప్రొఫైలింగ్ లేని, అంటే మనిషి వివరాలను బట్టి అంచనా కట్టని, ఒక ఆప్షన్ తప్పనిసరిగా ఇవ్వాలి. పరిశోధకులకు డేటా చూసే దారి కల్పించాలి. రెండోదే విలువైనదని నా అభిప్రాయం. మొదటిది వినడానికి బాగుంటుంది, కానీ పైన చెప్పిందంతా నిజమైతే, ప్రొఫైలింగ్ ఆపేసినా 'ఈ చట్టం వల్ల నష్టాలు' అన్న ప్రశ్నకు నష్టాల పేజీలే వస్తాయి.

గూగుల్ కూడా ఈమధ్య ఫలితాల పేజీ అడుగున, పర్సనలైజేషన్ లేకుండా చూడమనే లింక్ ఇస్తోంది. నొక్కి చూడండి, రాజకీయ ప్రశ్నలకు చాలాసార్లు పెద్ద తేడా కనిపించదు. దానికంటే ప్రశ్నలో మన అభిప్రాయం దాక్కుని ఉన్న మాటను తీసేసి మళ్లీ వెతకడం మేలు. 'లాభాలు', 'నష్టాలు' రెండూ తీసేసి 'చట్టం ప్రభావం' అని చూడవచ్చు. లేదా అవతలివాళ్లు ఏ పదం వాడతారో అదే పెట్టి, వాళ్లకు ఏం కనిపిస్తోందో చూడవచ్చు. హెడ్‌లైన్‌ని కాపీ చేసి పెట్టే బదులు, అది రాసిన సైట్ పేరు వెతికితే అది ఎవరిదో తెలుస్తుంది.

ఇదంతా యూజర్ భుజాన వేయడం మీద మాత్రం నాకు పెద్దగా నమ్మకం లేదు. లియంగ్, ఉర్మిన్‌స్కీల 2025 అధ్యయనంలో, ఇంకొన్ని సార్లు వెతకండని జనాన్ని ప్రోత్సహించి చూశారు, పెద్దగా ఫలించలేదు. పనిచేసింది వేరొకటి: యూజర్ ఏ ఇరుకైన మాట కొట్టినా, వెనకాల యంత్రం కాస్త విశాలమైన ప్రశ్నకు జవాబులు తెచ్చి పెట్టడం. అలా చూసినవాళ్లు తమ అభిప్రాయాన్ని కొంత సవరించుకున్నారు. ఏఐ చాట్‌బాట్‌లతోనూ ఇదే పరీక్షించారు. పది లింక్‌ల జాబితా కూడా లేకుండా ఒక్క జవాబే వచ్చే చోట ప్రశ్న ఇరుకైతే మిగతావైపు కనిపించే దారే ఉండదు కాబట్టి, ఇకముందు ఇదే ముఖ్యమైన విషయం అవుతుంది. అక్కడ కూడా జవాబు పరిధిని పెంచితే ఫలితం కనిపించింది. యూజర్ అడిగిందే ఇవ్వకపోతే పారిపోతాడని కంపెనీలు అనవచ్చు. కానీ ఆ విశాలమైన ఫలితాలు చూసినవాళ్లు, అవి తమకు తక్కువ ఉపయోగపడ్డాయని చెప్పలేదు. ఇరుకైన ఫలితాలు చూసినవాళ్లు ఇచ్చినంత మార్కులే వాళ్లూ ఇచ్చారు.